కుప్పం రాయి వెంట మద్రాసు హార్బరుకు

ఎనిమిదేళ్ల పాటు నేను ఓడరేవుల పాఠం చెప్పాను, ఒక్క ఓడరేవూ చూడకుండానే. మదనపల్లెలో హైస్కూలు సోషల్ మాస్టరుగా చేరినప్పటి నుంచి ఏటా అదే పాఠం, గోడకు అదే చిరుగుల పటం. "రేవుకు సరుకు పంపే లోపలి ప్రాంతాన్ని దాని పృష్ఠభూమి అంటారు. మద్రాసు రేవు పృష్ఠభూమిలో మన చిత్తూరు జిల్లా కూడా ఉంది" అని చెప్పి, మద్రాసు నుంచి మన వైపుకు సుద్దతో ఒక గీత లాగేవాణ్ణి. ఎనభైల నడుమ ఒక ఏడు, దసరా సెలవులకు రెండు రోజుల ముందు, స్టాఫ్ రూములో టీ తాగుతూ లెక్కల మేడం కాంతమ్మగారు అడిగారు. "ఆ గీత మీద మన వైపు నుంచి ఏం పోతాది సార్?" చింతపండు అన్నాను. బెల్లం అన్నాను. "మీరు పోంగా చూసినారా?" అన్నారామె. చూడలేదు. ఆమె లెక్క తప్పు చేసిన పిల్లవాణ్ణి చూసినట్టు చూశారు. ఆ చూపుకే నేను ప్రయాణం కట్టాను.

దారి చూపింది మా బడి అటెండరు. "మా బామ్మర్ది బాషా కుప్పం నుంచి హార్బరుకు రాళ్ల లారీ తోలుతాండాడు సార్. క్యాబిన్లో ఒక సీటు ఖాళీగానే ఉంటాది. పండక్కి పుంగనూరు వచ్చిండాడు, ఆడ పట్టుకోండి" అన్నాడు. మహర్నవమి రోజు పొద్దున ఆరుంబావుకు మదనపల్లె బస్టాండులో పుంగనూరు బస్సు ఎక్కాను. టికెట్టు మూడు రూపాయల లోపే. బస్సు టాపు నిండా టమాటా బుట్టలు. వాటి ఆసామి, కురబలకోట రైతు, నా పక్కనే కూర్చుని పైనున్న బుట్టల కోసం మలుపు మలుపుకూ మెడ సాచి చూస్తున్నాడు. ఇక ఆ ప్రయాణమంతా నేను అందరినీ అడిగిన ప్రశ్నను మొదట అతన్నే అడిగాను. ఈ సరుకు ఎక్కడికి పోతుందని.

"మద్రాసు మార్కెట్టుకు పోతాది సామీ."

"ఓడలోకి కూడా పోతుందా?"

అతను నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. "టమాటా ఓడెక్కితే అవతల గట్టున దిగేలోపల చారైపోతాది" అన్నాడు. సీట్ల వెనక ఎవరో నవ్వారు. నేను నోట్సు పుస్తకంలో టమాటా అని రాసి, కొట్టేశాను.

పుంగనూరులో బాషా బస్టాండు ఎదుటి హోటల్లో ఇడ్లీ తింటూ దొరికాడు. ముప్పై ఐదేళ్ల మనిషి, మెడలో గళ్ల రుమాలు, మాట నిమ్మళం. నేను ఎందుకొచ్చానో చెబితే చెయ్యి కడుక్కుని హోటలు వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడ ఉప్పు పట్టించిన మేకతోళ్లను కట్టలు కట్టి మినీ లారీకి ఎత్తుతున్నారు. ఆ వాసనకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇవి వాణియంబాడికి పోతాయి సార్. ఆడ పదును పెట్టి తోలు సేస్తారు. ఆ తోలు ఓడెక్కుతాది. రాసుకోండి" అన్నాడు బాషా. రాసుకున్నాను. ఎనిమిదేళ్లలో నా గీత మీద మొదటిసారి ఒక నిజమైన సరుకు ఎక్కింది.

పుంగనూరు నుంచి పలమనేరు, పలమనేరు నుంచి వి.కోట మీదుగా కుప్పం. బాషాతో కలిసి రెండు బస్సులు, దిగి ఎక్కే వేళతో నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. కుప్పంలో దిగేసరికి ఒంటి గంట దాటింది. అక్కడికి సముద్రం నూట యాభై మైళ్ల దూరం. కానీ ఊరి తీరు చూస్తే ఆ మాట నమ్మబుద్ధి కాలేదు. రైల్వే స్టేషను పక్కన మూడు కొత్త వర్కుషాపులు, ఉలులకు పదును పెట్టే కొలుములు, లారీ టైర్ల అంగళ్లు. పోస్టాఫీసు వరండాలో పది మంది ట్రంక్ కాల్ కోసం కూర్చుని ఉన్నారు. ఎవరి గురించని అడిగితే, మనిషి గురించి కాదట. ఓడ ఏ రోజు వస్తుందో మద్రాసు ఏజెంటు ఫోనులో చెప్పాలి, దాన్ని బట్టి గుట్ట మీద రాయి కదలాలి. పండగ నాడు కూడా వాళ్లు పంచాంగం వదిలి ఓడ తారీకు కోసం చూస్తున్నారు. భోజనం నాలుగు రూపాయలకు కడుపు నిండా పెట్టారు. మెస్సులో మాటలు తెలుగు, అరవం, కన్నడం మూడూ కలిసి ఉన్నాయి. పప్పు ఏ భాషలో అడిగినా వడ్డించారు.

రాయి కొట్టే గుట్ట ఊరికి నాలుగు మైళ్లు. కుప్పంలో నిలిపి ఉంచిన బాషా లారీలోనే వెళ్లాం. అక్కడ మేస్త్రి మునెప్ప పరిచయమయ్యాడు. యాభై దాటిన మనిషి, ఎండిన చింతబరిక లాగా ఉన్నాడు. రాతిపొడితో కనుబొమలు తెల్లబడి ఉన్నాయి. అతని వెనక ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న దిమ్మ, ముదురు ఆకుపచ్చ మీద నల్ల చుక్కలతో, పెట్టె చెక్కినట్టు నలుమూలలూ తీరి నిలబడి ఉంది. తొమ్మిది టన్నులుంటుందన్నారు. ఇది జపాను పోతుంది, అక్కడ పలకలుగా కోసుకుంటారు. నేను దాని చుట్టూ మూడుసార్లు తిరిగాను.

మునెప్ప నా కోసం దాని మీద బిందెడు నీళ్లు పోసి చూపించాడు. రాయంతా నల్లబడింది. గాలికి మెల్లగా ఆరుతూ వచ్చింది. "సూడండి సార్. బీటుంటే తడి ఆడ దాక్కుంటాది. తక్కినదంతా ఆరినా అది గీత మాదిరి నల్లగా నిలస్తాది. దీంట్లో ఏమన్నా ఉండాదా?" ఏమీ లేదు. రాయి అంచు నుంచి అంచు దాకా ఒకే తీరున ఆరిపోయింది.

"దీని మీదే ఉండాది మా బతుకు" అన్నాడతను, బీడీ కోసం రొంటి తడుముకుంటూ. మునెప్ప తాతలు రోళ్లు, తిరగళ్లు కొట్టి గాడిదల మీద పుంగనూరు, రామసముద్రం సంతలకు తోలేవాళ్లు. రెండేళ్ల కిందట గుట్టను లీజుకు తీసుకున్న ఓనరు ఓడలకు రాయి కొట్టమన్నాడు. పన్నెండు గుడిసెల వాళ్లు ఇక్కడికొచ్చి దిగారు. "రెండు రాళ్లు పంపితే రెండూ పోయినాయి సార్. హార్బరులో బీటుండాదని కొట్టేసినారు. బాడుగ పెట్టి ఎనక్కి ఎవురు తెస్తారు, ఆడనే పడుండాయి. ఇది మూడోది. ఇదీ పోతే గుట్ట సేలం ఆళ్లకిస్తానని ఓనరు సెప్పేసినాడు."

"అప్పుడు మళ్లీ రోళ్లు కొడతారా?" అన్నాను.

"రోళ్లు కొనేదెవురు సార్, ఇంటింటికీ గ్రైండరు వస్తాంటే." బీడీ వెలిగించుకున్నాడు. 

రాయిని లారీ ఎక్కించడానికి గంటన్నర పట్టింది. మూడు కాళ్ల దూలం, గొలుసు కప్పీ, ముప్పై మంది, గడ్డపారలు. తర్వాత ఆయుధపూజ. లారీ మీదున్న రాయే అక్కడ అన్నిటికన్నా చదునైన చోటు కాబట్టి ఉలులు, సమ్మెటలు వరసగా దాని మీదే పేర్చారు. పసుపు పూశారు, కుంకం పెట్టారు, బంతిపూలు చల్లారు. మునెప్ప భార్య గంగమ్మ ప్రమిద, నూనె గిన్నె నా చేతికిచ్చింది. "సదువు సెప్పే సేయి, మీరే ఎలిగించండి సార్" అంది.

నాకు చెప్పలేనంత గర్వం కలిగింది. లారీ ఎక్కి, రాయి నడుమ ప్రమిద పెట్టి వెలిగించాను. గుట్ట మీద గాలి, దీపం కొడిగడుతుంటే గిన్నెలోని నూనె ఇంకొంచెం వంచాను. మంచినూనె, అంటే నువ్వుల నూనె. ఇంకొంచెం వంచాను. ప్రమిద పొర్లి నూనె సన్నటి ధారగా రాయి మీద పాకి, అంచు దాకా వెళ్లి కిందికి జారింది. అయ్యో అనుకుని జేబు రుమాలు తీశాను. గంగమ్మ నన్ను ఆపింది. "తుడవొద్దు సార్. కొత్త రోటికి నూనె పెట్టకుండా ఇల్లు దాటిస్తామా? రాయి తాగనీ" అని, జారిన చోట అరచేత్తో రుద్దింది. మునెప్ప తలూపాడు. దీపం నిలిచింది. గుమ్మడికాయ పగిలింది. అందరికీ బొరుగులు, బెల్లం పంచారు.

మర్నాడు విజయదశమి. పొద్దున ఆరింటికి టైర్ల కింద నిమ్మకాయలు నలగ్గా లారీ కదిలింది. బాషా, నేను, మా ఇద్దరి మధ్య మునెప్ప. ఉలి, సుత్తి గోనెసంచిలో చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు, పని ఉన్నా లేకపోయినా అవి లేకుండా ఊరు దాటడట. నాట్రంపల్లి, వాణియంబాడి, ఆంబూరు, వేలూరు మీదుగా పూనమల్లి దాకా దారి. వాణియంబాడిలో నిన్నటి మేకతోళ్ల వాసన మళ్లీ తగిలింది, పాత స్నేహితుడు కనపడ్డట్టు పుస్తకం తీశాను. లారీ నడకలాగే వెళుతోంది. తొందర లేదా అంటే బాషా అన్నాడు, "రాయెక్కినంక లారీ నా మాట ఇనదు సార్, రాయి మాట ఇంటాది." మునెప్ప దారి పొడుగునా వెనక కిటికీలోంచి రాయి వైపే చూస్తున్నాడు. ఒక్కసారి మాత్రం నా వైపు తిరిగి, "సముద్రం ఎంతుంటాది సార్?" అని అడిగాడు. పటంలో నీలంగా ఉంటుందని తప్ప నాకూ తెలియదని ఒప్పుకున్నాను. సాయంత్రం ఐదున్నరకు మద్రాసు చేరాం. రాయిని హార్బరు పక్కనున్న యార్డులో క్రేను రెండు నిమిషాల్లో దించేసింది. మునెప్ప క్రేనునే చూస్తూ, "ఇది మా గుట్టకొచ్చుంటే నా నడుం మిగిలేది" అన్నాడు.

మూడో రోజు పొద్దున ఏజెంటు గుమాస్తా రాసిచ్చిన పాసుతో లోపలికి పోయాం. అక్కడ నాకు మతి పోయింది. కుప్ప పోసిన ఇనుప రజను, కొండల్లా మూటలు, ఇళ్లంత ఇనుప పెట్టెలు. ఆ పెట్టెలు ఈమధ్యే రావడం మొదలైందని, ఇక అన్నీ వాటిలోనే పోతాయని గుమాస్తా చెప్పాడు. ఓడల పేర్లు బోర్డు మీద సుద్దతో రాసి ఉన్నాయి, నా సుద్ద లాంటిదే. యార్డు బయట లారీ బ్రోకర్ల గదుల మీద కోలారు, ఒంగోలు, హోసూరు, కుప్పం అని ఊళ్ల పేర్లు. టీ కొట్టులో ఒకడు ఇనుము ధర అడుగుతుంటే ఇంకొకడు వి.కోటలో వాన పడిందా అని అడుగుతున్నాడు. నా పృష్ఠభూమి అంతా ఆ టీ బెంచీల మీద కూర్చుని ఉంది. వాటన్నిటి అవతల సముద్రం కనిపించింది. నీలం కాదు, బూడిద రంగు. మునెప్ప దాన్ని అర నిమిషం చూసి, "సరే పాండి, ఆయన వచ్చే ఏళయింది" అన్నాడు.

ఆయనంటే కొనేవాళ్ల తరఫు ఇన్‌స్పెక్టరు. పదింటికి వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో నీళ్ల డబ్బా, జేబులో సుద్ద. మద్రాసు తెలుగు మాట్లాడుతున్నాడు. రాయిని టేపుతో కొలిచాడు, నీళ్లు పోశాడు, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రాయి ఆరసాగింది. నాకు గుట్ట మీద చూసిన ఆట కాబట్టి ధైర్యంగానే ఉన్నాను. పదినిమిషాలకు రాయంతా లేత రంగుకు తిరిగింది. నడుమ నుంచి అంచు దాకా, అప్పటిదాకా పసుపు, దుమ్ము కింద కనపడని ఒక సన్నని గీత మాత్రం నల్లగా నిలిచిపోయింది. అంచు దిగి నాలుగు వేళ్ల మేర కిందికి కూడా పాకి ఉంది.

"బీట కనపడలే?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, మామూలుగా. రాయి మీద సుద్దతో పెద్ద ఇంటూ గుర్తు గీశాడు. "ఓడ గురువారం. దీన్ని ఎక్కించేది లేదు."

మునెప్ప ఉన్నచోటనే గొంతుక్కూర్చున్నాడు.  నేను గీతను చూస్తున్నాను. అది మొదలైన చోట గుండ్రంగా, ప్రమిద అడుగంత మచ్చ ఉంది.  మూడోసారి కూడా ఈ మనిషి పని పోతోంది, పోగొట్టింది నా చెయ్యి. సిగ్గేసింది. అయినా చెప్పాను. "అది బీట కాదండీ, నూనె. ఆయుధపూజ రోజు ఈ రాయి మీద దీపం పెట్టింది నేనే. నూనె ఒలికింది."

మునెప్ప తలెత్తి నన్ను చూశాడు. అతని ముఖంలో కోపం లేదు, అర్థం కాకపోవడం ఉంది. "నూనెనా? నూనె రాయికి మంచిదే కద సార్."

"నూనె అని మీరు చెప్తారు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "జపానులో దీన్ని కోసేవాడికి నేనేం చెప్పేది? వాడు గీతనే చూస్తాడు."

మునెప్ప లేచాడు. రాయికి చెవి ఆనించి సుత్తితో తట్టాడు. ఖంగున మోగింది. ఇన్‌స్పెక్టరు తల అడ్డంగా ఊపాడు. అప్పుడు మునెప్ప గోనెసంచి విప్పి ఉలి తీశాడు. "బీటయితే లోపలికి పోతాది. నూనయితే పైననే నిలస్తాది. అంచు కొట్టి సూపిస్తా."

"బీట అయితే రాయి రెండుగా పోతుంది. తర్వాత నా మీద అనకు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మిమ్మల్నేమీ అనను సామీ, నన్నే అనుకుంటాను."

గీత అంచు దిగిన చోట ఉలి ఆనించాడు. ఆ క్షణంలో నాకు నా మాట మీదే నమ్మకం పోయింది. నూనె కింద బీట కూడా ఉంటే? బాషా రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. మునెప్ప నాలుగు దెబ్బలు వేశాడు, నాలుగో దెబ్బకు అరచేయంత రాతిపెచ్చు ఊడి కింద పడింది. రాయి పగల్లేదు. ఇన్‌స్పెక్టరు కొత్తగా తేలిన చోట నీళ్లు పోశాడు. నేను జీవితంలో ఎప్పుడూ నీళ్లు ఆరడాన్ని అంత శ్రద్ధగా చూడలేదు. ఆరింది. గీత లేదు.

ఆయన పెచ్చును తీసుకుని పక్కవాటుగా చూశాడు. నలుపు గోరంత లోతు దిగి ఆగిపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. మొదటిసారి నవ్వాడు. "నల్లెణ్ణె" అన్నాడు, మంచినూనెకు అరవంలో అదే పేరు. "మా అమ్మ దోసెకు పోసేదిదే." రాయి మీది సుద్ద గుర్తును తడి చేత్తో తుడిచేసి, పెచ్చు పోయిన మేర కొలతలో తగ్గించి రాసుకుని, మనిషిని పిలిచి తెల్ల పెయింటుతో ఓడకెక్కే నంబరు వేయించాడు. 

మునెప్ప మాత్రం నంబరు పూర్తయ్యేదాకా ఆగలేదు. బాషా దగ్గరి నీళ్ల క్యాను తీసుకుని గోడ వైపు నడుస్తున్నాడు. అక్కడ కొట్టేసిన రాళ్ల వరసలో, గడ్డి మొలిచిన చోట, ఆకుపచ్చ దిమ్మలు రెండున్నాయి. మొదటిదాని మీద నీళ్లు పోసి వేలితో గీతను తడిమాడు. "ఇది బీటే. ఇది నా తప్పే" అన్నాడు. రెండోదాని మీద పోసి నిలబడ్డాడు. ఆరాక దాని నడుమ గుండ్రటి మచ్చ, మచ్చ నుంచి అంచుకు గీత తేలాయి. పెచ్చు కొట్టి చూశాడు. లోపల గీత లేదు. పెచ్చును అరచేతిలో తిప్పి చూసుకున్నాడు. "పోయినేడు దీని మీద గంగమ్మ దీపం పెట్టిండె" అన్నాడు. "బంగారం లాంటి రాయి. బీటుండాదని ఏడాదిగా నా సేతినే తిట్టుకుంటా ఉండాను సార్. మీరు నూనె వంచకపోతే నాకు తెలిసేదే కాదు." అతని తెల్లని కనుబొమల కింద కళ్లు తడిసి ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు వచ్చి అదీ చూశాడు. వచ్చే ఓడకు తీసుకుంటానన్నాడు.

తిరుగు ప్రయాణం రైల్లో. మద్రాసు సెంట్రల్ నుంచి బెంగుళూరు వైపు వెళ్లే బండి ఎక్కితే కుప్పానికి అయిదారు గంటలు. సెలవులయ్యాక ఓడరేవుల పాఠంలో ఆ గీతను మళ్లీ గీశాను గానీ, దాన్ని అంత తేలిగ్గా గీయలేకపోయాను. నూట యాభై మైళ్ల అవతల ఒక మనిషి డబ్బాడు నీళ్లు పోసి పది నిమిషాలు చూస్తే ఇక్కడ పన్నెండు గుడిసెల్లో పొయ్యి వెలగాలో వద్దో తేలిపోతుంది. ఇక్కడ మనం చల్లగా ఉండమని పెట్టిన దీపం అక్కడ బీటై కనిపిస్తుంది. రేవు పెరుగుతోందంటే ఓడలు ఎక్కువయ్యాయనే అనుకునేవాణ్ణి, రోలు కొట్టిన చేతులు తమ అలవాట్లను కూడా మార్చుకోవాలని అప్పుడు తెలిసింది. కాంతమ్మగారికి తోళ్లు, రాయి అని జవాబు చెప్పాను. చూసినారా అని ఆమె మళ్లీ అడగలేదు.

మరుసటి దసరాకు కుప్పం వెళ్లాను. గుట్ట మునెప్ప చేతుల్లోనే ఉంది. కొత్త దిమ్మ లారీ ఎక్కి ఉంది, ఉలులన్నీ ఈసారి కింద చాప మీద పేర్చి ఉన్నాయి. మీరు ఇలాంటి గుట్టలకు వెళితే ఆయుధపూజ రోజే వెళ్లండి, ఆ రోజు అందరూ దొరుకుతారు, అడిగినదానికల్లా జవాబు చెబుతారు. దీపం వెలిగించమని మీ చేతికిస్తే మాత్రం, నూనె వంచే ముందు ప్రమిద దేని మీదుందో చూసుకోండి. నా చేతికి గంగమ్మ నూనె గిన్నె ఇచ్చినప్పుడు చూశాను. ప్రమిద లారీ ముందు నేల మీద, అరచేయంత ఆకుపచ్చ రాతిపెచ్చు మీద ఉంది. "దీని మీద ఎంత కావాలంటే అంత పొయ్యండి సార్" అందామె.